సైకిల్ మీద నుంచి పడినట్టు రాశాను

ఏ ఏడాదో రాయను. రాస్తే ఏ ఎన్నికలో, ఎవరి జీపో మా వైపు వాళ్ళకు ఇట్టే తెలిసిపోతుంది. మిగతా లెక్కలు మాత్రం తప్పు లేకుండా ఇస్తాను. జీపు మీద బాంబు పడిన రోజును ఒకటో రోజు అనుకోండి. అది మంగళవారం. అక్కడి నుంచి తొంభై ఆరో రోజు దాకా ప్రతి పూటా మా ఆయనకు జ్వరం ఎంత ఉన్నదీ, కట్టు ఎన్నిసార్లు మార్చినదీ నా దగ్గర ఒక డైరీలో రాసి ఉంది.

అప్పటికి నాకు నలభై తొమ్మిదేళ్ళు. ప్రొద్దుటూరులో ఒక ఎముకల డాక్టరు గారి నర్సింగ్ హోములో రికార్డుల గుమాస్తాగా తొమ్మిదో ఏడు. ఇల్లు జమ్మలమడుగులో. పొద్దున ఏడూ ఇరవై బస్సుకు పోయి సాయంత్రం ఆరుంబావు బస్సుకు తిరిగి వచ్చేదాన్ని. మా ఆయన పెద్దముడియం వైపు ఒక పల్లెలో బడిపంతులు. ఆయనకు యాభై మూడు. రోడ్డు మీద బస్సు దిగి, టీకొట్టు దగ్గర ఉంచుకున్న సైకిలెక్కి రెండు మైళ్ళు లోపలికి పోయేవారు. మాకు పిల్లల్లేరు. ఆదివారం చర్చి, మిగతా ఆరు రోజులూ బస్సులు. మా జీవితం అంతే.

నా పని ఏమిటో చెప్పకపోతే తర్వాతిది అర్థం కాదు. రోగి ఇంటికి పోయాక అతని కేసు షీటు నా బల్ల మీదికి వచ్చేది. డాక్టరు రాసిన జబ్బు పేరు చదివి, లావుపాటి పుస్తకంలో దానికి సరిపోయే కోడు వెతికి, షీటు మొదటి పేజీ మీద వేసి, రిజిస్టరులో ఎక్కించాలి. కోడంటే ఒక ఇంగ్లీషు అక్షరం, దాని వెనక అంకెలు. తమిళనాడులో ఒక పెద్ద ఆసుపత్రిలో ఆరు నెలలు ఉండి ఈ పని నేర్చుకున్నాను. తుంటి ఎముక మెడ దగ్గర విరిగితే ఎస్ 72.0. ఆపరేషను పుండు కుట్లు విడిపోతే టి 81.3. ఆ పుండులో చీము పడితే టి 81.4. లోపల బిగించిన కృత్రిమ కీలుకే చీము పడితే టి 84.5. చివరి రెండూ పుస్తకంలో కొన్ని పేజీల దూరంలో ఉంటాయి. మనిషికి మాత్రం చాలా దూరం. మొదటిది కట్లతో, సూదులతో మానుతుంది. రెండోది చాలాసార్లు ఆ లోహాన్ని ఊడబీకితే తప్ప మానదు. ఊడబీకాక మనిషి నడుస్తాడో లేదో ఎవరూ చెప్పలేరు.

దెబ్బల కేసులకు ఇంకో కోడు కూడా వేయాలి, ఆ దెబ్బ ఎందువల్ల తగిలిందని. సైకిల్ మీద నుంచి పడితే వి 18. మెట్ల మీద జారితే డబ్ల్యు 10. ఒకరు కావాలని బాంబు వేస్తే ఎక్స్ 96. ఆ ఎక్స్ 96 నేను తొమ్మిదేళ్ళలో రెండేసార్లు వేశాను. రెండూ పోలీసులు మోసుకొచ్చిన కేసులు.

బాంబు తగిలినవాళ్ళు రాక కాదు. మా దగ్గర బాంబు తగిలినవాడు ఆ మాట చెప్పడు. బండి మీద నుంచి పడ్డానంటాడు, మిద్దె మీద నుంచి జారానంటాడు, బావి తవ్వుతుంటే రాయి ఎగిరి తగిలిందంటాడు. బాంబు అంటే ఆసుపత్రి పోలీసులకు కాగితం పంపాలి. కాగితం పోతే కేసు. కేసైతే ఎవరు వేశారో చెప్పాలి. చెప్పినవాడికి ఊళ్ళో నిలవ నీడ ఉండదు, చెప్పనివాడికి స్టేషనులో ఉండదు. అందుకని డాక్టరు గారు రోగి చెప్పింది చెప్పినట్టు రాసుకునేవారు. డాక్టరు రాసింది దాటి కోడు వేసే అధికారం నాకు లేదు. కాని వరండాలో వాళ్ళ మనుషులు నా ముందరే మాట్లాడుకునేవాళ్ళు. కాగితాలు సర్దుకునే ఆడమనిషిని ఎవరు లెక్కచేస్తారు? తప్పని తెలిసిన అంకె వేసి ఊరుకోవడం నా వల్ల అయ్యేది కాదు. నా సొంత నోటు పుస్తకంలో రిజిస్టరు నంబరు వేసి, దాని పక్కన అసలు కోడు రాసుకునేదాన్ని. పేర్లు రాయలేదు, నంబర్లే. తొమ్మిదేళ్ళలో అలాంటివి పదకొండు.

పన్నెండోది మా ఆయనది.

ఆ మంగళవారం తొమ్మిదీ పావుకు ఆయన బడికి పోతుంటే ఎదురుగా ఒక పార్టీ వాళ్ళ జీపు వచ్చింది. దోవ పక్క ముళ్ళకంప చాటు నుంచి ఇద్దరు లేచి దాని మీద బాంబులు వేశారు. ఒకటి జీపులో పడింది. ఇంకోటి దోవ మీద పేలింది. ఆయన సైకిల్ మీద నుంచి ఎగిరి కంపలో పడ్డారు. జీపులో ఒక మనిషి అక్కడే చనిపోయాడు. జీపు తాలూకు వాళ్ళు మిగిలినవాళ్ళను ఎత్తుకుని పోయారు. మా ఆయన కంపలో ఉన్నట్టు వాళ్ళు చూడలేదు. గంట తర్వాత ఆ పల్లెలో సూదులు వేసే ఆయన వచ్చి తీశాడు. తుంటి వెనక కండలో దిగిన ఒక మేకును, ఒక గాజు ముక్కను లాగేసి రెండు కుట్లు వేసి, అంతా వచ్చేసిందిలే సారూ అని ధైర్యం చెప్పి, వ్యానులో పడుకోబెట్టి ప్రొద్దుటూరు పంపించాడు. తన పేరు ఎత్తవద్దని చేతిలో చెయ్యి వేయించుకున్నాడు.

కాలు విరిగి నర్సింగ్ హోముకు వచ్చేసరికి మా ఆయన నోట్లో మాట తయారుగా ఉంది. సైకిల్ మీద నుంచి కంపలో పడ్డాను. అందులో అబద్ధం ఒక్క ముక్క కూడా లేదు. ఎందుకు పడ్డారో మాత్రం నాకు మర్నాడు, మంచం పక్కన ఎవరూ లేనప్పుడు చెప్పారు. అప్పటికే నేను, ఇంటికి పంపేదాకా ఆగకుండా, ఆయన షీటు మీద ఎస్ 72.0, వి 18 అని పెన్సిలుతో వేసేశాను. తర్వాత దాన్ని ఇంకుతో దిద్దాను. ఆ రోజు సాయంత్రం నోటు పుస్తకంలో పన్నెండో నంబరు రాసుకున్నాను.

ఎనిమిదో రోజున ఒకడు చూడ్డానికి వచ్చాడు. ముప్పై ఏళ్ళలోపు వాడు, ఉతికిన తెల్ల చొక్కా, చేతిలో గుడ్డ సంచి. మా ఆయన అంతకు ముందు పులివెందుల దగ్గర ఒక ఊళ్ళో ఆరేళ్ళు పనిచేశారు. అక్కడ చదివిన పిల్లవాడినని నాతో చెప్పుకున్నాడు. చెప్పులు గుమ్మం బయటే విడిచి, సంచి మంచం కింద పెట్టి, స్టూలు వేసినా కూర్చోకుండా నిలబడ్డాడు.

"సైకిల్ మీంచి పడినారంట గదా సార్."

"ఔ రా. సూసుకోలే. కంపలో పడినా."

"ఆ దావన సైకిల్ తొక్కేది శానా కష్టం సార్. అన్నీ గుంతలు."

"గుంతలే."

తర్వాత వాడు నా వైపు తిరిగి, సార్ దగ్గర ఎక్కాలు అప్పచెప్పలేక ఎన్నిసార్లు మోకాళ్ళ మీద నిలబడ్డాడో చెప్పి నవ్వాడు. పదమూడో ఎక్కం ఇప్పటికీ రాదట. పోతూ పోతూ మంచం పట్టీ మీద చెయ్యి వేసి అన్నాడు.

"మీరెప్పుడూ అంతే సార్. పక్కకి పొమ్మంటే పోరు."

వాడు పోయాక సంచి విప్పాను. ఇరవై నాలుగు చీనీకాయలు, అంటే బత్తాయిలు. ఒలవడానికి ఒకటి తీసుకుంటే మా ఆయన వద్దన్నారు. బాంబు వేసింది వాడే, అన్నారు. బయటి ఊరి నుంచి మనుషుల్ని పిలిపించేది ఎవరూ గుర్తుపట్టకూడదనే కదా. ఆ ఊరి నుంచి తాను ఇటు బదిలీ అయిన సంగతి వాళ్ళకేం తెలుసు? బాంబు చేతిలో పట్టుకుని వాడు ముందు తననే చూశాడట. సారూ, పక్కకి పో, అని అరిచాడట. ఎవర్రా అది అని తాను సైకిల్ మీద నుంచి ఒక కాలు కింద పెట్టి తిరిగి చూస్తూ నిలబడ్డారట.

ఇరవై ఒకటో రోజు సోమవారం ఆపరేషను. వెనక ఉన్న గాయం ఎండి పొక్కు కట్టేదాకా డాక్టరు గారు ఆగారు. ఆపరేషనుకు ముందు నా ముందరే రెండుసార్లు అడిగారు, ఇది ముల్లు గుచ్చుకున్నదేనా, ఇంత లోతుగా ఉందేమిటని. కంప మొద్దు గుచ్చుకుంది సార్, అన్నారు మా ఆయన. డాక్టరు గారు నా వైపు చూశారు. నేను షీటు వైపు చూశాను. ఎక్స్‌రేలో లోహం ఏమీ కనపడలేదు. మేకు వచ్చేసింది, గాజు వచ్చేసింది, ఇంక చెప్పి సాధించేదేముందని నేనూ అనుకున్నాను. విరిగిన బంతి ఎముక తీసేసి స్టీలుది బిగించారు.

తొమ్మిది రోజులు బాగున్నారు. నడిపించారు కూడా, వరండాలో పద్నాలుగు అడుగులు. ముప్పయ్యో రోజు పొద్దున కట్టు కింది కొసన తడి కనిపించింది. సాయంత్రం జ్వరం తొంభై తొమ్మిదీ ఎనిమిది. ముప్పై మూడో రోజు కుట్లు విప్పితే అడుగున రెండంగుళాలు విడిపోయింది. టి 81.3. తర్వాత చీము. టి 81.4. సూదులు వేశారు, రోజుకు రెండుసార్లు కట్టు మార్చారు. నలభై ఏడో రోజుకు పుండు పూడింది. ఇంటికి పంపించారు. యాభై ఎనిమిదో రోజు అదే చోట చిన్న కన్నం పడింది. ఆ కన్నంలోంచి చీము కారడం మొదలైతే మళ్ళీ చేర్చాం.

ఇక్కడ నా తప్పు ఒకటి ఉంది, దాన్ని దాచను. ఆయన రెండో షీటు మీద కూడా నేను టి 81.4 అనే వేశాను. డాక్టరు గారు పుండులో చీము అని రాశారు కాబట్టి అది రూలు ప్రకారం సరైనదే. అయితే తొమ్మిదేళ్ళ అనుభవంలో నాకు తెలుసు, పైపైన చీమైతే కదలకుండా పడుకున్నప్పుడు తుంటి లోపల నొప్పి రాకూడదు. అరవై రెండో రోజు నుంచి ఆయన పడుకుని ఉండగానే మూలిగేవారు. నొప్పి పుండు దగ్గర కాదు, గజ్జలో. ఇది నర్సుకు చెప్పలేదు. ఎవరైనా అడిగితే పుండు లాగుతోందట అన్నాను. టి 84.5 అనే మాట కాగితం మీదికి రానంత కాలం అది ఆయన ఒంట్లోకి కూడా రాదన్నట్టు ప్రవర్తించాను. లెక్క తప్పితే ఒప్పుకోని మనిషినని నాకు పేరు. ఆ పన్నెండు రోజులూ నేను లెక్క చూడలేదు.

రోజూ మధ్యాహ్నం ఆయనకు ఇంటి నుంచి తెచ్చిన రసమన్నం తినిపించేదాన్ని. నాలుగు ముద్దలు తినేవారు, తర్వాత మూడు, తర్వాత రెండు. ఒళ్ళు యాభై ఎనిమిది కిలోల నుంచి నలభై తొమ్మిదికి దిగింది. ప్రార్థన చేద్దామంటే కళ్ళు మూసుకునేవారు, పెదవులు కదిపేవారు కాదు. డాక్టరు గారు మందు మార్చారు, మళ్ళీ మార్చారు. కన్నం మూసుకునేది, ఐదు రోజులకు మళ్ళీ తెరుచుకునేది. ఆయన తల వెంట్రుకలు దిండు మీద రాలుతుంటే చేత్తో ఏరేదాన్ని. దేనికీ పనికిరాని పని అది. అయినా చేసేదాన్ని.

డెబ్భై నాలుగో రోజు శుక్రవారం మధ్యాహ్నం. ఆయన అసలు ముద్ద ముట్టలేదు. క్యారియరు మూసి నా గదికి వచ్చి కూర్చున్నాను. మూసుకుని మళ్ళీ తెరుచుకునే పుండు ఇంతకు ముందు ఎక్కడైనా చూశానా అని రిజిస్టరు తీశాను. కోడును బట్టి వెతికితే టి 81.4 కేసులు చాలా ఉన్నాయి, వాటిలో మళ్ళీ చేరినవాళ్ళు ఏడుగురు. ఆ ఏడు నంబర్లు ఒక చీటీ మీద రాసుకున్నాను. ఎందుకో నోటు పుస్తకం కూడా తీశాను. ఏడులో నాలుగు నంబర్లు దాంట్లో ఉన్నాయి.

నాలుగు షీట్లూ బీరువాలోంచి దింపాను. ఒకడు బండి మీద నుంచి పడినవాడు, ఒకడు మిద్దె మీద నుంచి, ఇద్దరు బావిలో రాయి. అసలు సంగతి నలుగురిదీ బాంబే. నర్సులు కట్టు మార్చినప్పుడల్లా రాసే కాగితాలు చదివాను. మొదటి షీటులో, దారం లాంటిది వచ్చింది, అని ఉంది. రెండో దాంట్లో, నార పోగులు. మూడో దాంట్లో మళ్ళీ దారం. నాలుగో దాంట్లో, గోనె పీచు, ఆ తర్వాత పుండు మానింది. నాలుగు వేరువేరు చేతిరాతలు, నాలుగు వేరువేరు ఏళ్ళు.

నాటు బాంబును పురికొసతో చుట్టి బిగిస్తారు. మా వైపు చిన్నపిల్లలకు కూడా తెలిసిన సంగతే. పేలినప్పుడు మేకులతో పాటు ఆ కొస ముక్కలు కూడా ఒంట్లో దిగుతాయి. ఎక్స్‌రేకు కనపడవు. అవి లోపల ఉన్నంత కాలం పుండు మానదు. ఏ డాక్టరుకైనా ఈ నాలుగు షీట్లు పక్కపక్కన పెట్టి, నాలుగూ బాంబులే అని ఒక్క మాట చెప్పి ఉంటే, ఐదో మనిషికి కత్తి పెట్టేముందు లోపల వెతికి ఉండేవాడు. ఆ ఒక్క మాట ఉండాల్సిన గడిలో నేను బండి అని, బావి అని నింపాను. అసలుదాన్ని భద్రంగా నా సంచిలో పెట్టుకుని రోజూ జమ్మలమడుగుకు, ప్రొద్దుటూరుకు మోశాను.

ఆ సాయంత్రం ఆరుంబావు బస్సు ఎక్కలేదు. మా ఆయన మంచం దగ్గర కూర్చుని చెప్పాను. ఆయన పైకప్పు వైపు చూస్తూ విన్నారు.

"డాక్టరుకు చెప్తావా?"

"చెప్పాల."

"చెప్తే ఆయప్ప పోలీసులకు రాస్తాడు. వాళ్ళు ఈడికే వస్తారు. ఎవుర్ని సూసినావు సారూ అంటారు."

"అంటే అనుకోనీ. లోపల కొస ఉంది. చెప్పకపోతే కాలు పోతాది. కాలుతో ఆగదు."

"వాడు నన్ను పక్కకి పొమ్మన్యాడు. ఆ మాట అనకుండా ఏసింటే నేను ఆ పొద్దే పోయింటి. వాణ్ణి నేను జైలుకు పంపీల్నా?"

"మీరెవురినీ పంపొద్దు. బతకండి."

"నువ్వు కాగితం మనిషివి. నీకు కాగితం సరిపోతే సాలు."

ఇరవై ఆరేళ్ళ కాపురంలో ఆయన నన్ను అన్న మాటల్లో అది ఒక్కటే నేను మర్చిపోలేదు. నిజం కాబట్టి మర్చిపోలేదేమో. శనివారం, ఆదివారం ఇద్దరమూ మాట్లాడుకోలేదు. ఆదివారం చర్చికి పోలేదు. జ్వరం నూటమూడు. వణుకు వచ్చినప్పుడు మంచం గోడకు తగిలి చప్పుడు చేసేది. మధ్యాహ్నం ఒకసారి నన్ను గుర్తుపట్టకుండా, బెల్లు కొట్టమ్మా, పిల్లోల్లు ఎండలో నిలబడినారు, అన్నారు. చెప్పవద్దన్న మనిషి అక్కడ లేడు. ఇంకెవరిని అడిగేది?

డెబ్భై ఏడో రోజు సోమవారం ఎనిమిదిన్నరకు డాక్టరు గారు గదిలోకి రాగానే నాలుగు షీట్లూ, మా ఆయన షీటూ, నోటు పుస్తకమూ బల్ల మీద పెట్టి జరిగింది చెప్పాను. ఎవరు వేశారో అదొక్కటే చెప్పలేదు. ఆయన నాలుగు షీట్లూ తిరగేశారు. చాలాసేపు పట్టింది. బయట రోగులు దగ్గుతున్నారు.

"రెండు సార్లు అడిగినానమ్మా."

"అడిగినారు."

"నువ్వు ఈడ్నే నిలబడి ఉన్నావు."

"ఉన్నా సార్."

"అంత మలినంలో పెట్టినా నేను ఆ లోహాన్ని." చేతులు చూసుకున్నారు. "ముల్లు అంటే నమ్మినా. సారు గదా, అబద్ధమాడడని."

తర్వాత షీటు మీద, పుండులో చీము అనే మాట కింద కొత్త వాక్యం రాశారు. కృత్రిమ కీలుకే చీము. పెన్ను మూతపెట్టి, కాగితం నా వైపు తోశారు. నేను పుస్తకం తెరవకుండానే టి 84.5 వేశాను. ఆ కోడు కింద, ఎందువల్ల అనే గడిలో వి 18 కొట్టేసి ఎక్స్ 96 వేశాను.

డెబ్భై తొమ్మిదో రోజు బుధవారం రెండో ఆపరేషను. మూడు గంటల పది నిమిషాలు. నేను రిజిస్టరు గదిలోనే కూర్చున్నాను. ఆ మూడు గంటల్లో ఒక్క కోడూ వేయలేదు. డాక్టరు గారు బయటికి వచ్చి చిన్న సీసా చూపించారు. చీములో నానిన పురికొస, చిటికెన వేలి గోరంత ముడి, దానికి అతుక్కుని మా ఆయన ఖాకీ ప్యాంటు గుడ్డ పీలిక. స్టీలు బంతి కూడా తీసేశారు. ఇంకోటి పెట్టే పరిస్థితి లేదు, ఎముక అంతా నాని మెత్తబడింది. ఆ తుంటిలో కీలు ఇక ఉండదు. మానితే కండ పట్టుకుని నిలబడగలరు, కాలు పొట్టి అవుతుంది. మానుతుందని మాట ఇవ్వలేనన్నారు.

పోలీసులకు కాగితం పంపక తప్పదని, ఇన్నాళ్ళూ తెలియక పంపలేదు, ఇప్పుడు తెలిసీ పంపకపోతే తన లైసెన్సు పోతుందని చెప్పారు. పంపమన్నాను. ఆ సాయంత్రం ఇంటికి పోయి, నీళ్ళ కాగు కింద నోటు పుస్తకం పెట్టి కాల్చేశాను. ఇక ఆ పన్నెండు నంబర్లలో పదకొండుమందికి నా వల్ల భయం లేదు.

ఎనభై ఒకటో రోజు ఎస్సై వచ్చాడు. మా ఆయనకు ఆ రోజు జ్వరం వంద, తెలివి బాగుంది. నన్ను గదిలోనే ఉండనిచ్చారు.

"సారూ, ఏం జరిగింది?"

"సైకిల్ మీంచి పడినా."

"డాక్టరు బాంబు కొస తీసినానంటాండాడే."

"కంపలో పాత గోనెసంచి ఉన్నింది. దాని మీద పడినా."

"ఆ పొద్దే, ఆ దావనే జీపు మీద బాంబు పడింది. ఒక మనిషి సచ్చిపోయినాడు. నీకేమీ ఇనపళ్యా?"

"నాకు సెవులు సరిగ్గా ఇనపడవు సార్. యాభై మూడేండ్లు."

ఎస్సై రాసుకున్నాడు. నమ్మలేదని అతని ముఖం చూస్తే తెలుస్తూనే ఉంది, అయినా చకచకా రాసుకున్నాడు. తర్వాత షీటు అడిగి చూశాడు. ఎక్స్ 96 అంటే ఏమిటని, ఆ కోడు ఎవరు వేశారని అడిగాడు. నేనే వేశానన్నాను. కళ్ళారా చూశావా అన్నాడు. లేదన్నాను. మరి ఎవరు చెప్పారు అన్నాడు.

మా ఆయన నా వైపు చూశారు. ఆ మంచంలో పడ్డాక ఎనభై రోజుల్లో అంత నిండుగా నా వైపు చూడలేదు. అందులో కోపం లేదు. అడుక్కుంటున్నారు.

ఎవరూ చెప్పలేదు, నేను అనుకుని వేశాను, అన్నాను.

అయితే కొట్టెయ్యమ్మా, రోగి చెప్పిందే ఉండాల గదా, అన్నాడు ఎస్సై. రికార్డుల పనిలో తప్పును చెరిపివేయకూడదు, దాని మీద తెల్లరంగు పూయకూడదు, కాగితం చింపకూడదు. కింద ఏముందో చదవడానికి వీలుగా ఒకే గీత గీసి, పక్కన సంతకం, తారీఖు, టైము వేయాలి. ఎక్స్ 96 మీద ఒక గీత గీశాను. పక్కన వి 18 రాసి, సంతకం చేసి, పదకొండూ నలభై అని వేశాను. తొమ్మిదేళ్ళలో నేను దిద్దిన తప్పులు చాలా ఉన్నాయి. ఒప్పును కొట్టేసింది అదొక్కటే. టి 84.5 మీద మాత్రం ఎవరూ చెయ్యి పెట్టలేదు. అది అలాగే ఉంది.

తొంభై ఆరో రోజుకు కన్నం మూసుకుంది. నూటపదో రోజు దాకా చూశాను, తెరుచుకోలేదు. కాలు రెండున్నర అంగుళాలు పొట్టి. కుడిచేతి కింద కర్ర లేకుండా ఆయన మళ్ళీ ఎప్పుడూ నిలబడలేదు. బడి మానేశారు. అరుగు మీద కూర్చుని ఎదురింటి గోడ చూసేవారు. జీపులో చనిపోయిన మనిషి భార్య ఒకసారి జమ్మలమడుగు బస్టాండులో కనిపించింది, చంకలో బిడ్డతో. ఎవరో చూపించి చెప్పారు. నేను ఆ రోజు బస్సు తప్పిపోనిచ్చాను. ఇంటికి వచ్చి ఆయనకు చెప్పలేదు. చెప్తే ఆయన ఏమంటారో నాకు తెలుసు, నేనేమంటానో తెలియదు.

పనిలో ఒకటి మారింది. ఆ తర్వాత వర్షాకాలంలో ఒకణ్ణి తెచ్చారు, తొడ ఎముక విరిగి. మిద్దె మీద నుంచి పడ్డాడన్నారు. డాక్టరు గారు అలాగే రాసుకుని, గుడ్డ తొలగించి తొడ మీద చిన్న కన్నం చూసి, మెడ తిప్పి నా వైపు చూశారు. వరండాలో వాళ్ళ మనుషుల మాట నేను అప్పటికే విన్నాను. తల ఊపాను. ఆయన ఆపరేషను గదిలోకి పోయారు, కండ చీల్చి వెతికారు. నేను షీటు మీద మిద్దె కోడే వేశాను. అప్పటి నుంచి ఇద్దరమూ ఆ పని చేస్తూ వచ్చాం. కాగితం మీద ఏ గుర్తూ లేదు.

ఇది మా ఆయనకు చెప్పాను. ఆయన కర్ర కొసతో అరుగు మీద గీతలు గీస్తూ అడిగారు.

"తల ఊపేది వాళ్ళు సూస్తే?"

"సూస్తే సూస్తారు."

"ఊపాల్సొచ్చేది బాంబుకు కాకుండా, ఏసినోడి పేరుకైతే ఊపుతావా?"

ఊపను అన్నాను. ఆయన తల దించుకుని మళ్ళీ గీతలు గీశారు. ఆ రోజు నుంచి మేమిద్దరం ఆ సంగతి ఎత్తలేదు. ఆయన పోయే దాకా, పదకొండేళ్ళ నాలుగు నెలలు.